ఎమ్మెల్యేగారు తిట్టలేదు

ఆ రోజు పొద్దున్న ఎమ్మెల్యే ఒకే ఒక్క నిర్ణయంతో నిద్ర లేచాడు. మధ్యాహ్నం దాకా ఎవరినీ తిట్టకూడదు.

వినడానికి చిన్న సంగతే. ఆయనకు మాత్రం అది ఊపిరి బిగబట్టి ఏరు దాటడంతో సమానం. నియోజకవర్గంలో ఆయన అసలు పేరు ఎన్నికలప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. అందరూ 'ఉరుము' అంటారు. చాటుగా కాదు, గేటు దగ్గరికొచ్చి "ఉరుముగారున్నారా?" అనే అడుగుతారు. అలా అడిగినందుకు కూడా ఆయన తిడతాడు.

ఆయన పని చేసే పద్ధతి ఒకటుంది. అర్జీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాణ్ణి ముందు తిడతాడు. ఇన్నాళ్ళూ ఏ గాడిదల్ని కాస్తున్నావని, బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టావని. మొదలుపెట్టాక మధ్యలో ఆపడం ఆయనకు చేతకాదు. ఎదురుగా ఉన్నవాడి వంతు అయిపోయినా ఆవిరి మిగిలిపోతుంది. ఆ మిగిలినదాంతో ఫోను తీసి ఇంజనీరును తిడతాడు. ఇంకా మిగిలితే ఇంజనీరు మీద ఉన్నవాణ్ణి తిడతాడు. చీకటి పడేలోగా పని మొదలవుతుంది. తన చేతిలో లేని పని అయితే మాత్రం సిగ్గుతో గొంతు మెత్తబడిపోతుంది. "చూద్దాం లెండి," అంటాడు. ఆ మాట విన్నవాడు అర్జీ మడిచి జేబులో పెట్టుకుని మారు మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోతాడు. ఆ పని ఈ జన్మకు కాదని అర్థం.

ఈ లెక్క జనానికి కంఠతా వచ్చు. తెలియనిది ఆయనకొక్కడికే. తనది చెడ్డ నోరనీ, జనం పెద్దమనసుతో భరిస్తున్నారనీ ఆయన అనుకునేవాడు.

పార్టీ పెద్దలకు అంత కూడా తెలియదు. ఎవడో ఆయన తిట్లు రికార్డు చేసి రాజధానికి పంపాడు. అది విన్న అధిష్ఠానం, ప్రజలతో ఈయన సంబంధాలు ఎలా ఉన్నాయో కళ్ళారా చూసి రమ్మని ఒక పరిశీలకురాలిని పంపింది. ఆవిడ బాగోలేవని చెబితే రాబోయే ఎన్నికల్లో టికెట్టు బావమరిదికి. బావమరిది ఎక్కడో ఉన్నవాడు కాదు. ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. ఆయన ఆఫీసు పనులు చూసేవాడు. ఆ క్షణంలో ఆయన హాల్లో, ఆయన సోఫాలో, కాలు మీద కాలేసుకుని ఆయన పేపరే చదువుతున్నవాడు.

"ఏమండీ, ఒకసారి నవ్వండి చూద్దాం," అంది భార్య, ఆయన కాలరు సర్దుతూ.

ఆయన నవ్వాడు.

"వద్దులెండి. మామూలుగానే ఉండండి," అందావిడ.

"కంగారు పడకు బావా," అన్నాడు బావమరిది పేపరు దించకుండానే. "ఇవాళ గేటులోకి చీమ కూడా రాదు. అర్జీలిచ్చిన వాళ్ళందరికీ నిన్న సాయంత్రం ఫోను వెళ్ళింది."

"ఏం ఫోనురా?"

"మర్చిపోయావా? నీకు జలుబు చేసి గొంతు పోయిన రోజున రికార్డు చేశాం కదా, అది."

ఎమ్మెల్యేకు గుర్తొచ్చింది. ఆ గొంతు విని ఆ రోజు తనే జాలిపడ్డాడు. ఫోను ఎత్తగానే "నమస్కారమండీ. నేను మీ ఎమ్మెల్యేని. ఎలా ఉన్నారండీ?" అని ఆగుతుంది. అవతలివాళ్ళు ఏదో ఒకటి చెబుతారు. "చాలా సంతోషమండీ. మీ పని సంగతి నాకు గుర్తుంది. చూద్దాం లెండి. ఆరోగ్యం జాగ్రత్త," అని పెట్టేస్తుంది.

"దీన్నే జనంతో నిత్యం టచ్‌లో ఉండడం అంటారు బావా. నువ్వు కష్టపడక్కర్లేదు, వాళ్ళు ఇంత దూరం రానక్కర్లేదు."

"అసలు ఎవరూ రాకపోతే ఆవిడకేం చూపిస్తావురా?"

"నేను పిలిపించినవాళ్ళు ఓ పదిమంది వస్తారు. పువ్వుల్లాంటి మనుషులు. నవ్వి వెళ్ళిపోతారు."

గేటు కిర్రుమంది. వచ్చినవాడు పువ్వు కాదు. ట్రాక్టర్ మెకానిక్కు. చేతులకు గ్రీజు, కళ్ళ నిండా నిద్రలేమి.

"అయ్యా, నావల్ల ఏం తప్పు జరిగింది?" అన్నాడు గుమ్మంలోంచే.

"తప్పేం లేదండీ. లోపలికొచ్చి కూర్చోండి," అన్నాడు ఎమ్మెల్యే.

మెకానిక్కు మొహంలో రక్తం ఇంకిపోయింది. "కూర్చోమంటున్నారా? నన్నా?"

"కూర్చోండి. కాఫీ తాగుతారా?"

మెకానిక్కు గోడ పట్టుకున్నాడు. "అయిపోయింది. మా కల్వర్టు పోయింది."

"కల్వర్టుకేమైందండీ?"

"పోయిన వారం ఇదే చోట నన్ను నిలబెట్టి, 'అడ్డగాడిదా, కల్వర్టు కూలేదాకా నిద్రపోయారా మీ ఊళ్ళో' అన్నారు. ఆ మాట చెబితే మా ఊరంతా ఎంత సంబరపడిందో తెలుసా? మర్నాడే కంకర దిగింది. ఇప్పుడేమో 'చూద్దాం లెండి' అని ఫోను! కంకర వెనక్కి తోలుకుపోతారా అయ్యా?"

ఎమ్మెల్యేకు అరికాళ్ళ నుంచి వేడి బయలుదేరింది. "దిగిన కంకర వెనక్కెవడు తోలుకుపోతాడురా వెధ..."

గేటు బయట కారు హారను మోగింది. ఆయన మిగిలిన అక్షరాన్ని గుటుక్కున మింగాడు. అది గొంతులో అడ్డం పడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పకుండా చూద్దాం లెండి," అన్నాడు.

మెకానిక్కు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాడు. నిజంగానే పోయిందని ఊరికి ఫోను చెయ్యడానికి.

పరిశీలకురాలు కారు దిగింది. ఇస్త్రీ మడత చెదరని బట్టలు, కొలిచి అతికించినట్టున్న నవ్వు. పుట్టాక ఏడ్చిందో లేదో కూడా అనుమానమే, గొంతు అంత మెత్తగా ఉంది. హాల్లో ఒక మూల కుర్చీ చూసుకుని కూర్చుంది. "మీ పని మీరు చేసుకోండి. నేను లేననుకోండి," అంది.

లేదనుకునే అవకాశం ఆయనకు దక్కలేదు. గేటు దగ్గర ఒక ట్రాలీ ఆగింది, వెనక ఇంకొకటి. బావమరిది పిలిపించిన పువ్వులు గోడకు నలిగిపోగా, పాలకేంద్రం నడిపే ఆవిడ ముందు నిలబడి జనాన్ని లోపలికి తోసుకొచ్చింది. ఆవిణ్ణి అందరూ పాలక్క అంటారు.

"నేనేం పాపం చేశానని నన్ను 'అండీ' అన్నారు?" అంది, నడుం మీద చేతులేసుకుని.

"మీరు పెద్దవారమ్మా. గౌరవంగా..."

"ఎవరిక్కావాలి మీ గౌరవం! గౌరవం పోసి పాలు చల్లబెట్టుకోమంటారా? ట్రాన్స్‌ఫార్మరు సంగతేమిటో చెప్పండి!"

"తప్పకుండా చూద్దాం లెండి."

గుంపులోంచి పెద్ద మూలుగు లేచింది. ఎవరో పళ్ళు పటపట కొరికారు. పరిశీలకురాలు కాస్త ముందుకు వంగి, "ఆవిడకెందుకండీ అంత కోపం?" అని అడిగింది.

"కోపం కాదండీ, చనువు," అన్నాడు ఎమ్మెల్యే. నుదుటి మీద నరం ఒకటి తాడులా లేచింది.

తర్వాత రిటైరైన హెడ్మాస్టరు ముందుకొచ్చాడు. బడి పైకప్పు కోసం ఆయన నాలుగుసార్లు తిట్లు తిన్న మనిషి. "నాకు విషయం అర్థమైంది," అన్నాడు. "ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. అంటే పైకప్పు వెయ్యరు, అది ఊడి పడుతుంది, తలకాయలు చూసుకోండని. సూటిగా చెప్పొచ్చుగా! పిల్లల తలకాయలండీ అవి!"

"అబ్బే, అలా కాదు మాస్టారూ. మీరంటే నాకెంతో..."

"అదిగో! మళ్ళీ మర్యాద!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. "మూడుసార్లు ఓట్లేసిన మొహాలకి మర్యాద చేస్తాడా! ఎంత ధైర్యం!"

ఆయన ఎంత మెత్తగా మాట్లాడితే వాళ్ళు అంత మండిపడ్డారు. వాళ్ళు ఎంత మండిపడితే ఆయన అంత మెత్తబడ్డాడు. ఈలోగా గేటు అవతల కథ మరో మలుపు తిరిగింది. మనిషి చెప్పులు విడిచిన చోటు కూడా మర్చిపోయాడని, మెకానిక్కుకు కాఫీ ఇస్తానన్నాడని, ఇవన్నీ పోయే ముందు లక్షణాలని ఒకరు తేల్చేశారు. చెప్పులు మర్చిపోయింది మెకానిక్కు అని ఎవరూ సరిదిద్దలేదు. పక్క వీధి కాంపౌండరు బీపీ మిషను చంకన పెట్టుకుని జనాన్ని చీల్చుకుంటూ వచ్చి, అడక్కుండానే ఎమ్మెల్యే జబ్బకు పట్టీ చుట్టేశాడు.

"నాకేం కాలేదయ్యా. దయచేసి తీసెయ్యండి," అన్నాడు ఎమ్మెల్యే.

"దయచేసి అన్నాడర్రా!" అని ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

కాంపౌండరు గాలి కొట్టాడు. అంకె చూశాడు. మళ్ళీ కొట్టాడు. "బాబోయ్! మిషను పగిలేట్టుంది," అన్నాడు.

"అమ్మయ్య!" అన్నాడు హెడ్మాస్టరు గుండె మీద చెయ్యేసుకుని. "లోపల ఉంది. కోపం లోపలే ఉంది."

"ఉంటే బయటికి రాదేం? ఎవరాపారు?"

అందరి చూపులూ మూల కుర్చీలో నవ్వుతున్న కొత్త మనిషి మీదికి మళ్ళాయి. సరిగ్గా అప్పుడు బావమరిది తన జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు చేశాడు. పరిశీలకురాలి ముందు గొడవ తనే సర్దితే టికెట్టు చేతికందినట్టే అనుకుని, కుర్చీ ఎక్కి రెండు చేతులూ ఎత్తాడు.

"శాంతించండి! మీరంతా అనవసరంగా బాధపడుతున్నారు. నిన్న మీతో మాట్లాడింది ఆయన కాదు, మిషను! ముందే రికార్డు చేసి పెట్టింది!"

పాలక్క నడుం మీంచి చేతులు దించింది.

"మిషనా?" అంది పాలక్క. ఇందాకటి గొంతు కాదది. "ఎలా ఉన్నారండీ అని అడిగితే చెప్పాను బాబూ. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది, పాలన్నీ విరిగిపోతే కాలవలో పారబోశాం, పోసినవాళ్ళకి మొహం చూపించలేకపోతున్నానని చెప్పాను. ఏడ్చాను కూడా. అటు నుంచి 'చాలా సంతోషమండీ' అన్నారు. కంగారులో ఏదో తడబడ్డారులే, మనిషన్నాక తడబడడా అనుకున్నాను. మిషనుకా నేను చెప్పుకుంది?"

ఎమ్మెల్యే ఆవిడ వైపు చూశాడు. సంతోషమన్నది తన గొంతే. తన గొంతుతో, తను ఆవిడతో అనని మాట. మూల కుర్చీలో టికెట్టు నవ్వుతూ కూర్చుని ఉంది. ఇంకొక్క అరగంట పళ్ళ బిగువున ఉంటే చాలు. వంటింటి గుమ్మంలోంచి భార్య తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దని.

ఆయన జబ్బకున్న పట్టీ పీకి అవతల పారేశాడు.

"దిగరా కుర్చీ మీంచి, అప్రాచ్యపు వెధవా!"

కిటికీ అద్దాలు గణగణలాడాయి. బావమరిది దిగలేదు, పడ్డాడు.

"మనిషి ఏడుస్తుంటే సంతోషమనే యంత్రాన్ని తెచ్చి, దానికి నా గొంతు తగిలిస్తావా? నీకు లేదూ గొంతు? ఇన్నేళ్ళు నా ఇంట్లో మెక్కి పెంచావు కదా! నాకు బుద్ధి లేదు, జలుబు చేసినవాణ్ణి ముసుగేసుకుని పడుకోక నీ ముందు కూర్చుని 'ఆరోగ్యం జాగ్రత్త' అని పలికాను! ఏమ్మా పాలక్కా, నీ బుద్ధేమైంది? ట్రాన్స్‌ఫార్మరు కాలితే ఫోనుకి చెప్పుకుని ఏడుస్తావా? ఆ విరిగిన పాలు తెచ్చి నా గుమ్మంలో పొయ్యడానికి చేతులు పడిపోయాయా?"

"అబ్బ," అంది పాలక్క, కళ్ళు మూసుకుని. మండు వేసవిలో తొలి చినుకు మీద పడ్డట్టుంది ఆవిడ మొహం.

గుంపుతో పాటు తిరిగొచ్చిన మెకానిక్కు మీదికి తిరిగాడు. "నువ్వు! కంకర పక్కన మంచమేసుకుని కాపలా పడుకోక, పోయింది పోయిందని ఊరంతా చాటింపు వేస్తావా, బోల్టు బుర్రా! మాస్టారూ, మీరు కూడానా? ఉన్న తెలివంతా పిల్లలకే పంచేసి మీకు ఉంచుకోలేదా?"

"ధన్యుణ్ణి," అన్నాడు హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిరి మిగిలింది. ఆయన ఫోను తీశాడు. కరెంటు ఇంజనీరును ఎంత తిట్టాడంటే, అవతలివాడు "బయల్దేరాను సార్" అని నాలుగుసార్లు చెప్పినా ఆపలేదు. హాల్లో తోపులాట మొదలైంది. "అయ్యా, నన్ను! మా బోరు సంగతి!" "వెనక్కి తగ్గవయ్యా, నేను ముందొచ్చాను, నన్నింకా ఒక్క మాట కూడా అనలేదు!"

ఆయన ఊపిరి కోసం ఆగాడు. చుట్టూ అందరూ నవ్వుతున్నారు.

"ఎందుకురా ఆ ఇకిలింపు? తిడుతుంటే సిగ్గుగా లేదూ?"

మెకానిక్కు చెప్పాడు. తిడితే పని అయినట్టని, మెత్తగా 'చూద్దాం లెండి' అంటే పోయినట్టని, చిన్నపిల్లలకి కూడా తెలుసని. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నేళ్ళుగా రాత్రిళ్ళు పశ్చాత్తాపపడింది దీనికా అనుకున్నాడు. గుండెల మీంచి పెద్ద బండ దిగింది.

అప్పుడే పరిశీలకురాలు లేచింది. మడత చెదరలేదు. నవ్వు కదల్లేదు.

"చాలా బాగుందండీ," అంది. "ప్రజల్లో మీకున్న స్థానం కళ్ళారా చూశాను. పెద్దల దృష్టికి తీసుకెళ్తాను. టికెట్టు సంగతి... చూద్దాం లెండి."

ఆ మాటకు అర్థం ఆయనకు తెలిసి ఇంకా నిమిషం కాలేదు. ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు. జనానికి కూర్చోవలసిన అవసరం కనిపించలేదు. ఆవిడ కారెక్కి తలుపు వేసుకునేసరికి కారు చుట్టూ గోడ కట్టేశారు.

"అలా వెళ్ళడానికి వీల్లేదు. ఆయన్ని తిట్టి వెళ్ళండి!" అన్నాడు మెకానిక్కు.

"బాబూ, దయచేసి దారి ఇవ్వండి."

"దయచేసి అంది! టికెట్టు పోయిందిరోయ్!"

"మీ అభిమానం నాకు అర్థమైంది..."

"ఒక్క తిట్టు! చిన్నది! 'వెధవా' అంటే చాలు!" అని హెడ్మాస్టరు కిటికీ పట్టుకుని బతిమాలాడు. మెకానిక్కు బానెట్టు ఎక్కి బాసింపట్టు వేసుకున్నాడు. పాలక్క డ్రైవరు చేతిలోంచి తాళం లాక్కుని జాకెట్లో దోపుకుంది. పరిశీలకురాలు "ప్లీజ్" అన్న ప్రతిసారీ జనం కారును ఊపారు.

అలా ఎన్నోసారి ఊపినప్పుడో కారులో ఏదో తెగింది. స్ప్రింగు కాదు.

"దిగరా బానెట్టు మీంచి, దున్నపోతా!"

ఉరుము పక్కన పిడుగులా ఉందా గొంతు. ఆవిడ తలుపు తన్నుకుని బయటికొచ్చింది. "ఎవరనుకున్నార్రా నన్ను? ఏళ్ళ తరబడి కనబడ్డ ప్రతి సన్నాసినీ చూసి నవ్వీ నవ్వీ దవడలు పడిపోయాయి నాకు! కల్వర్టు లేదు, కరెంటు లేదు, బడికి కప్పు లేదు, ఈ మనిషి చేత తిట్లు తిని మురిసిపోతారా? మీకు సిగ్గుండొద్దూ? ఈయన తిడితే ఇంజనీరొస్తాడు. ఇంజనీరు జేబులోంచి తీసి వేస్తాడా పైకప్పు? నిధులు ఆపినవాడు రాజధానిలో ఏసీ గదిలో గురకపెడుతున్నాడు!"

ఆవిరి మిగిలింది. ఆవిడ ఫోను తీసింది. ఎమ్మెల్యే పదేళ్ళుగా సెక్రటరీని దాటి మాట్లాడలేకపోయిన పెద్ద మనిషిని, నేరుగా 'నువ్వు' అని మొదలుపెట్టి తిట్టింది. సమాధానం చెప్పబోతే చెప్పనివ్వలేదు. పైకప్పు నిధులు, కొత్త ట్రాన్స్‌ఫార్మరు, కల్వర్టు మీద పక్కా రోడ్డు, వరసగా అడిగి, ఒక్కోదానికీ వేరువేరు తిట్టు వాడింది.

జనం కచేరీ వింటున్నట్టు నిలబడిపోయారు. మెకానిక్కు బానెట్టు దిగి దాన్ని చొక్కాతో తుడిచాడు. పాలక్క తాళం తీసి రెండు చేతులతో అందించింది. "ఏం ధాటి," అన్నాడు హెడ్మాస్టరు నిట్టూరుస్తూ.

గేటు దగ్గర నిలబడి ఎమ్మెల్యే కూడా విన్నాడు. ఆ రంగంలో అనుభవం ఉన్నవాడు కనక ఆయనకు వెంటనే తెలిసింది. తన తిట్లు ఎంత బిగ్గరగా ఉన్నా జిల్లా దాటలేదు.

టికెట్టు బావమరిదికి రాలేదు. ఆయనకూ రాలేదు. ఊళ్ళకి ఊళ్ళు ట్రాలీలు కట్టుకుని రాజధానికి వెళ్ళి, పార్టీ ఆఫీసు ముందు కూర్చుని, మాకు ఆవిడే కావాలని పట్టుబట్టాయి. ఎన్నికల్లో ఆవిడ ప్రతి సభలోనూ జనాన్ని చెడామడా తిట్టి, అంతకు ముందెవరికీ రానన్ని ఓట్లతో గెలిచింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మాజీ ఎమ్మెల్యే వీధిలో నీళ్ళ పైపు పగిలింది. నీళ్ళ ఆఫీసు చుట్టూ తిరిగాడు, తిట్టి చూశాడు, ఎవరూ కదల్లేదు. చివరికి మొహమాటం చంపుకుని ఆవిడకు ఫోను చేశాడు. ఎలా ఉన్నారండీ అంటుందేమోనని చెవి దగ్గర ఫోను పెట్టుకుని వణికాడు.

"బుర్రుందా నీకు?" అంది ఆవిడ. "ఎమ్మెల్యేగా చేసినవాడివి, గుమ్మం ముందు పైపు పగిలితే ఇన్నాళ్ళూ గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నావా?"

ఆయన ఫోను పెట్టేసి, వంటింటి వైపు తిరిగి భార్యకు చెప్పాడు.

"బిందెలు కడిగి పెట్టు. రేప్పొద్దున్నకి నీళ్ళొస్తాయి."